మలి బిగింపు

అతన్ని షెడ్డులో అందరూ పిడి అనేవారు. పిడిగుద్దులకు పెట్టింది పేరు కాబట్టి మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత ఎదుటే అన్నారు, అతనికీ అదేదో బిరుదులాగే వినిపించింది. ముక్కు మీద కోపం ఉన్న మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. పిడి కోపానికి ముక్కు దాకా వెళ్లే ఓపిక కూడా లేదు, పుట్టిన చోటి నుంచి నేరుగా చేతుల్లోకి దిగేది. టీ చల్లారిందని గ్లాసు గోడకేసి కొట్టాడు. హారన్ కొట్టి తొందరపెట్టిన లారీ డ్రైవరును కాలరు పట్టి కిందికి లాగి ఎముకలో సున్నం లేకుండా చేశాడు. పెయింటరుకు ముందు పన్ను ఒకటి లేదు. ఎవరైనా అడిగితే మెట్ల మీద పడ్డానని చెబుతాడు. ఆ షెడ్డుకు మెట్లే లేవు.

ఇంత చేసినా యజమాని అతన్ని పనిలోంచి తీసెయ్యలేదంటే కారణం చక్రాలు. ఆ షెడ్డుకు వచ్చేవన్నీ మోటార్‌హోములు, వాళ్ల మాటలో ఇంటిబండ్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూము, సమస్తం కడుపులో పెట్టుకుని తిరిగే పొడుగాటి బండ్లు. అంత బరువు మోసే చక్రం దారిలో ఊడితే బండి కాదు, ఇల్లే దొర్లుతుంది. పిడి బిగించిన చక్రం ఊడిందన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఆ పని అతనికి దెబ్బలతోనే వచ్చింది. కొత్తలో బలం చూపించాలని స్పానరు మీద రెండు కాళ్లతో ఎక్కి తొక్కాడు. బోల్టు పుటుక్కున తెగింది. పెద్దమేస్త్రీ అదే స్పానరుతో వీపు వాయగొట్టి, "నీ మగతనం చూపించడానికి బోల్టే దొరికిందిరా? అతిగా లాగితే సాగుతుంది, సాగింది రోడ్డు మీద తెగుతుంది" అన్నాడు. ఇంకోసారి మర సాఫీగా తిరుగుతుందని బోల్టుకు గ్రీజు పూశాడు. ఈసారి దెబ్బ చెవి మీద పడింది. గ్రీజు పూస్తే మర జారిపోతుందనీ, రెంచి చూపించే లెక్కకు మించి బోల్టు బిగిసిపోతుందనీ మేస్త్రీ చెబుతూనే ఉన్నాడు, అప్పటికే ఆ చెవికి ఏమీ వినిపించడం లేదు. మేస్త్రీ దగ్గర పిడి నేర్చుకున్నవి రెండు: చక్రం బిగించడం, ఏది చెప్పాలన్నా చేత్తో చెప్పడం. మొదటిది షెడ్డులోనే ఉంచాడు, రెండోది ఇంటికి కూడా పట్టుకెళ్లాడు.

చక్రం దగ్గర మాత్రం అతన్ని చూస్తే ఇతనేనా అనిపించేది. చక్రం ఆనే చోటును తీగల బ్రష్షుతో తుడిచి, తుప్పు పొడి నోటితో ఊదేవాడు. బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పేవాడు. తర్వాత స్పానరుతో కొద్దికొద్దిగా, వరసగా కాకుండా ఒకటి వదిలి ఎదురుగా ఉన్నదాన్ని అందించేవాడు, అంటే పూర్తిగా బిగించకుండా చక్రానికి ఆనేదాకా తిప్పి వదిలేవాడు. ఒక పక్కనుంచి వరసగా బిగిస్తే చక్రం ఆ పక్కకు ఒరిగి కూర్చుంటుంది. జాకీ దించి టైరు నేల మీద ఆనాకే టార్క్ రెంచి తీసేవాడు. ఎంత బిగువు కావాలో అంత పెట్టి లాగితే, అది చాలుతుందనగానే రెంచి టక్‌మంటుంది. టక్‌మన్నాక పిడి ఇంకో వెంట్రుకవాసి కూడా లాగేవాడు కాదు. "ఆ రెంచికి ఉన్న బుద్ధి నీకుంటే నా వీపు ఇలా ఉండేది కాదు" అని అతని భార్య ఒకసారి అంది. ఆ మాటకు కూడా కొట్టాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. చక్రం విప్పగానే స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టాలి. చివరి బోల్టు టక్‌మన్నాక, బిగించిన మనిషే దాన్ని విప్పాలి. గుడ్డ ఉన్న బండిని యజమాని కూడా కదపడు. గుడ్డ విప్పాక కూడా పని అయిపోయినట్టు కాదు. యాభై కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ రెంచి వెయ్యాలి. బరువు మీద తిరిగి తిరిగి చక్రం సర్దుకుంటుంది, బోల్టు కాస్త వదులవుతుంది. దాన్ని మలి బిగింపు అనేవారు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక ఇంటిబండి ముందు ఎడమ టైరు చీలి, కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చింది. నడుపుతున్నది పిడి బావమరిది, అంటే భార్య తమ్ముడు. టూరిస్టులను తిప్పే డ్రైవరు. మనిషి నిలువెల్లా చెమట కక్కుతున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు పిడి.

"సముద్రం వైపు బావా. అక్కడ పార్టీని ఎక్కించుకోవాలి. ఖాళీ బండే."

"లోపలెవరూ లేరుగా? జాకీ ఎత్తాక లోపల మనిషి ఉండకూడదు."

"ఎవరూ లేరు బావా."

లోపల తెర వెనక మంచం మీద పిడి భార్య, కూతురు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పక్కన రెండు సూట్‌కేసులు. ముందు రోజు పిడి మొదటిసారి కూతురి మీద చెయ్యి చేసుకున్నాడు. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిందని చెంప పగలగొడితే ఆ పిల్ల గూట్లో ఉన్న గిన్నెలతో సహా కింద పడింది. తనను కొట్టిన ఇన్నేళ్లలో భార్య ఎన్నడూ గడప దాటలేదు. పిల్ల పెదవి చిట్లి రక్తం కారడం చూసి, ఇక చాలనుకుని తమ్ముడికి ఫోను చేసింది. ఊరి చివర రాయి తగిలి టైరు చీలకపోతే ఈపాటికి దాటిపోయి ఉండేవాళ్లు. అంత బరువును ఎత్తే జాకీ ఆ ఊళ్లో ఈ షెడ్డులోనే ఉంది. "పద, ఆయన చక్రం తప్ప ఇంకేమీ చూడడు" అని ధైర్యం చెప్పింది కూడా భార్యే.

నిజంగానే పిడి చక్రమే చూశాడు. గుడ్డ కట్టాడు, పాత చక్రం విప్పాడు, కొత్తది ఎక్కించాడు. ఐదు బోల్టులు వేళ్లతో తిప్పి, రెండింటిని స్పానరుతో అందించి మూడోదానికి స్పానరు పెట్టాడు. అప్పుడు చక్రం అతని చేతి కింద సన్నగా ఊగింది. గాలి లేదు, ఎవరూ బండిని తాకలేదు. లోపల ఎవరో కాలు మార్చి కూర్చున్నారు.

లేచి తలుపు లాగాడు. తెర పీకాడు.

భార్యను చూశాడు, కూతుర్ని చూశాడు, సూట్‌కేసులు చూశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట కూడా అడగలేదు. వెనక్కి తిరిగి బావమరిదిని జుట్టు పట్టి ఈడ్చి, ముఖాన్ని బండి రేకుకేసి కొట్టాడు. ముక్కు పగిలి రక్తం చిమ్మింది. వాడు ఫోను తియ్యబోతే ఆ చేతిని నేలకేసి బూటుతో తొక్కాడు. వేళ్లూ ఫోనూ కలిసి పటపటమన్నాయి.

"నా పెళ్లాన్ని ఎత్తుకుపోతావురా? నా ఇంట్లో తిని, నా ఇంట్లో పడుకుని!"

"చంపేస్తాడు, పట్టుకోండయ్యా!" అని అరుస్తూ భార్య దూకింది. స్టీరింగు దగ్గర చేతికి అందిన గుడ్డ లాగి తమ్ముడి ముక్కుకు అదిమింది. పిడి ఆమెను మెడ పట్టి విసిరాడు. ఆమె నడుము ఇనుప బల్ల అంచుకు తగిలి అక్కడే కూలబడింది. మళ్లీ చెయ్యెత్తేలోపు వెనకనుంచి జాకీ రాడ్డు అతని భుజం మీద ధడేల్‌మని పడింది. తిరిగి చూస్తే కూతురు. రెండు చేతులతో రాడ్డు పట్టుకుని ఇంకోటి వెయ్యడానికి సిద్ధంగా ఉంది.

"దగ్గరికొచ్చావంటే తల పగలగొడతా నాన్నా!"

ఆ ఒక్క క్షణం అతను ఆగడంతో వెల్డరూ పెయింటరూ మీద పడి చేతులు విరిచిపట్టారు. పెయింటరు మోకాలితో వీపు మీద అవసరమైన దానికన్నా గట్టిగానే నొక్కాడు, పాత పన్ను గుర్తొచ్చి ఉంటుంది. ఈలోగా కూతురు తల్లిని లేపి బండెక్కించింది, బావమరిది ఎడం చేత్తోనే జాకీ దించేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టీరింగుకు గుడ్డ లేదు. ఆ షెడ్డుకు వచ్చిపోయే డ్రైవర్లందరికీ గుడ్డ లేదంటే చక్రం బిగించేసినట్టే. బండి గేటు దాటింది.

నేల మీద ముఖం ఆనించి ఉన్న పిడి దాని వెనక గొంతు చించుకున్నాడు. "పోండి! దారిలో ఛస్తే చావండి! మీ శవాలు కూడా చూడను!"

మోత అణిగిపోయాక వాళ్లు అతన్ని వదిలారు. లేచి కూర్చుని ఉమ్మాడు. బండి నిలబడ్డ చోట జాకీ ఉంది, బల్ల మీద టార్క్ రెంచి పెట్టె మూత తియ్యకుండా అలాగే ఉంది, వాటి మధ్య ఎర్ర గుడ్డ నెత్తుటితో తడిసి పడి ఉంది. దాన్ని చూశాక చక్రం గుర్తొచ్చింది. మూడు బోల్టులు వేళ్ల బిగువు మీదే ఉన్నాయి. మిగతా రెండూ ఊరికే అందించినవి. ముందు ఘాట్ రోడ్డు దిగుడు ఉంది, మలుపుకొక లోయ ఉంది, ఆ బండిలో అతని కూతురు ఉంది.

"బోల్టులు బిగించలేదురా!" అని కేక పెట్టాడు. భార్య ఫోను మోగలేదు, ఆపేసి పెట్టుకుంది. బావమరిది ఫోనును అతనే తొక్కి ముక్కలు చేశాడు. స్పానరు చేతబట్టుకుని షెడ్డు వ్యానులోకి దూకి, గేటు స్తంభాన్ని గీసుకుంటూ బయటికి పోనిచ్చాడు. యజమాని గదిలోంచి వచ్చి ఏమైందని అడిగితే, "ఇంకేముంది సార్, చంపడానికి వెళ్లాడు" అని చెప్పాడు వెల్డరు.

ఊరు దాటి చాలా దూరం వెళ్లాక బండి కనిపించింది. ముందు ఎడమ చక్రం తాగినవాడి నడకలా అటూ ఇటూ ఊగుతోంది. పిడి హారన్ మీద చెయ్యి తియ్యకుండా దూసుకెళ్లి పక్కకు చేరాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి, స్పానరుతో చక్రాన్ని చూపిస్తూ, "ఆపండి! ఊడిపోతుంది! ఆపండే!" అని అరిచాడు.

అద్దం వెనక భార్య ముఖం కనిపించింది. ఆమెకు మాట వినపడలేదు, మనిషి కనిపించాడు. ఉబ్బిన మెడ నరాలు, ఎర్రబడ్డ కళ్లు, చేతిలో ఇనుము. ఆ ముఖాన్ని ఆమె ఇన్నేళ్లు దగ్గరగా చూసింది. బతికించడానికి వచ్చినా చంపడానికి వచ్చినా అతనికి ఉన్నది ఆ ఒక్క ముఖమే. ఆమె తెర మూసేసింది. బండి వేగం పెరిగింది.

ముందుకెళ్లి అడ్డం పెడదామని పిడి స్టీరింగు ఒక్కసారిగా తిప్పాడు. పగిలిన ముక్కుతో, చితికిన వేళ్లతో ఉన్న బావమరిదికి అది చావు ఎదురొచ్చినట్టే కనిపించింది. వాడు కూడా తిప్పాడు. ఇంటిబండి పక్కభాగం వ్యానుకు తగిలింది. వ్యాను రెండు పల్టీలు కొట్టి, కల్వర్టు పక్క గుంటలో తలకిందులుగా పడింది.

తెలివి వచ్చేసరికి అతని ఎడమ చెయ్యి మోచెయ్యి లేని చోట ఒంగి ఉంది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతోంది. కాలు డాష్‌బోర్డు కింద ఇరుక్కుంది. లాగితే ప్రాణం పోయినంత పనైంది. చొక్కా జేబులో ఫోను బతికే ఉంది. ఘాట్ మొదలయ్యే చోట పెట్రోలు బంకు పక్కన గాలి కొట్టే దుకాణం ఉంది. అది నడిపే ఆమెను అందరూ గాలక్క అంటారు. ఆమె నంబరు నొక్కాడు.

"ఏంటి, మళ్లీ ఎవర్ని కొట్టావు?" అంది గాలక్క. ఒకసారి వాదన పెరిగి ఆమె కంప్రెసరును తన్ని పడేసినవాడతను. మర్యాద ఎక్కడినుంచి వస్తుంది?

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. తెల్ల ఇంటిబండి వస్తోంది. ఘాట్ దిగనివ్వకు. ఎడం ముందు చక్రం వదులుగా ఉంది. నా పెళ్లాం, కూతురు ఉన్నారందులో."

"బిగించకుండా ఎందుకు పంపావు?"

"కొడుతూ ఉండిపోయానక్కా."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు, జేబులో పడేసుకున్నట్టుంది. గుంటలో తలకిందులుగా వేలాడుతూ పిడి విన్నాడు. లారీ టైర్లు రోడ్డు మీదికి దొర్లుతున్న చప్పుడు. బ్రేకుల కీచు. తర్వాత బావమరిది అరుపు. "నిన్ను వాడే పెట్టాడా? జరుగు, లేకపోతే తొక్కించేస్తా!" ఏదో తోపులాట, చెంప చెళ్లుమన్న మోత, ఆ వెంటనే గాలక్క గొంతు. "ముందు చక్రం చూడరా, తర్వాత నన్ను కొడుదువుగాని!"

అడుగుల చప్పుడు చక్రం వైపు వెళ్లింది. ఆ కాసేపట్లో పిడి ఎవరెవరికి మొక్కుకున్నాడో అతనికే తెలియదు.

"ఒకటి రాలిపోయింది" అంది గాలక్క ఫోనులో. "మిగతావి వేళ్లతో తిరుగుతున్నాయి. ఇంకొక్క మలుపు చాలు, అందరూ లోయలో ఉండేవాళ్లు."

"నీ దగ్గర బోల్టు ఉంటే పాతదాని పక్కన పెట్టి పొడుగు చూడు. పొడుగు తేడా ఉంటే వెయ్యకు. గ్రీజు పూయొద్దు. చక్రం ఎత్తి అందించు, దించాక రెంచి వెయ్యి. ఎదురెదురుగా..."

"నాకు నేర్పుతావా? ఉండు, బిగించేది నేను కాదు. మీ ఆవిడ బిగిస్తానంటోంది. వాళ్ల తమ్ముడి వేళ్లు నువ్వు విరగ్గొట్టావటగా. యాభై కిలోమీటర్ల తర్వాత మలి బిగింపుకు ఎవరో ఒకరికి చెయ్యి ఉండాలి కదా."

ఆ తర్వాత గాలక్క మాటలు దూరంగా వినిపించాయి. "మీదెక్కి తొక్కకమ్మా, మెల్లగా లాగు. ఆఁ, ఇప్పుడు దాని ఎదురుది." భార్య నొప్పితో మూలిగింది, నడుముకు తగిలిన దెబ్బ లాగుతున్నప్పుడు తెలుస్తోంది. అయినా ఆపలేదు. కాస్త ఆగి ఆగి రెంచి టక్‌మంది. మళ్లీ టక్‌మంది. ఐదోది కూడా విన్నాక పిడి ఏడ్చాడు. ఆ రోజు తనకు పట్టిన భయానికీ, వాళ్లు బతికినందుకూ ఏడ్చాడు.

"అక్కా, ఒక్కసారి ఫోను ఇవ్వు దానికి."

"ఆవిడ మాట్లాడదు. ఇదిగో, మీ అమ్మాయి."

"నాన్నా" అంది కూతురు. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఒక్కటి అడుగుతాను, చెప్పు. తెలిసే వదిలేశావా?"

"ఛ, లేదమ్మా! ఒట్టు, లేదు. అందుకేగా వెనక వచ్చింది."

"మరి దారిలో ఛస్తే చావండన్నావు."

"కోపంలో అన్నాను తల్లీ."

"అమ్మను చంపేస్తానని రోజూ అంటావు, అది కూడా కోపంలోనే. ఏది ఊరికే అంటావో, ఏది చేస్తావో మాకెలా తెలుస్తుంది నాన్నా? నువ్వు స్పానరు పట్టుకుని వస్తుంటే చంపడానికే అనుకున్నాం. ఇంకేమనుకోవాలి?"

అతనికి జీవితమంతా మాటకు ముందే చెయ్యి వెళ్లింది, ఇప్పుడు ఉన్న రెండు చేతుల్లో ఒకటి విరిగింది, ఇంకోదాంట్లో ఫోను ఉంది. ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, లేకపోతే ఈ పిల్ల వెళ్లిపోతుంది. "మీ కోసమేనే వచ్చాను! ఎందుకు నమ్మరే? చెబుతుంటే వినపడటం లేదా?" అన్నాడు. అనలేదు, గుంట అదిరేలా అరిచాడు. అరిచానని అతనికి తెలిసేసరికి అవతల ఎవరూ లేరు.

మళ్లీ చేశాడు. గాలక్క ఎత్తింది.

"వెళ్లిపోయారు" అంది. "నీ గొంతు వినగానే ఆ పిల్ల ఫోను నా చేతిలో పడేసి బండెక్కింది."

"మలి బిగింపు సంగతి చెప్పావా?"

"చెప్పాను. నా రెంచి కూడా ఇచ్చి పంపాను. నువ్వెక్కడున్నావో చెప్పు, ఎవరినైనా పంపిస్తాను."

కల్వర్టు పేరు చెప్పాడు. ఆ తర్వాత యాభై కిలోమీటర్లకు ఆ బండికి ఎంతసేపు పడుతుందో, ఘాట్ దిగి ఎక్కడ ఆగుతారో, భార్య వంగి రెంచి వెయ్యగలదో లేదో అనుకుంటూ, మనుషులు వచ్చి రేకు కోసి తనను బయటికి లాగేవరకు ఆ గుంటలో అలాగే వేలాడుతూ ఉన్నాడు.